లక్షల యంత్రములలో ఒక్క ఫైలు: వెతుకులాట చరిత్ర

వస్తువు ఉండుట ఒక సంగతి. అది ఎక్కడ ఉన్నదో తెలియుట వేరొక సంగతి. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లని మనవారు ఊరకే అనలేదు. గ్రంథాలయములో లక్ష పుస్తకములున్నను, ఏ పుస్తకము ఏ బీరువాలో కలదో చెప్పు పట్టిక లేనిచో ఆ లక్షయు చదువరికి లేనట్లే.

ఇప్పుడు ఆ లక్ష పుస్తకములు ఒక భవనములో గాక లక్ష ఇండ్లలో ఒక్కొక్కటిగా ఉన్నవనుకొనుడు. ఆ ఇండ్లు దేశదేశములందు వ్యాపించియున్నవి. ఏ ఇంటి తలుపు ఎప్పుడు తెరచి యుండునో, ఎప్పుడు మూయబడునో తెలియదు. అట్టిచోట పట్టికను ఎవరు వ్రాయవలెను? వ్రాసినదానిని ఎక్కడ ఉంచవలెను? కంప్యూటర్లను కలిపి నెట్‌వర్కులుగా చేసిన నాటినుండి శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న ఇదియే. దీనికి ముఖ్యముగా మూడు సమాధానములు వచ్చినవి. ఒక్కొక్కటియు దానికి ముందున్న సమాధానములోని లోపమునుండి పుట్టినది.

ఒక్క జాబితా కాలము

అమెరికా రక్షణశాఖ పోషణలో 1969లో ఆర్పానెట్ అను నెట్‌వర్కు ఆరంభమయ్యెను. ఆ సంవత్సరాంతమునకు దానిలో నాలుగు కంప్యూటర్లు మాత్రమే ఉండెను. తరువాతి సంవత్సరములలో యంత్రముల పేర్లును, వాని సంఖ్యారూప చిరునామాలును గల జాబితా నొకదానిని కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థయందు ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వమున ఒక బృందము నిర్వహించెడిది. కొత్త యంత్రమును చేర్చువారు ఆ బృందమునకు తెలుపవలెను. తక్కిన యంత్రములన్నియు ఆ జాబితాను అప్పుడప్పుడు నకలు చేసికొనవలెను.

యంత్రములు కొద్దిగా ఉన్నంతకాలము ఈ పద్ధతి చక్కగా సాగినది. కాని ఇందులో ఒక చిక్కు కలదు. యంత్రముల సంఖ్య రెట్టింపైనచో జాబితా పొడవు రెట్టింపగును. నకలు కోరువారి సంఖ్యయు రెట్టింపగును. అనగా మొత్తము పని నాలుగింతలగును. 1983లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు దీనికి విరుగుడు కనిపెట్టెను. జాబితాను చెట్టువలె కొమ్మలుగా విభజించి, ఏ కొమ్మ భారమును ఆ కొమ్మవారికే అప్పగించెను. ఉత్తరముపై రాష్ట్రము, జిల్లా, గ్రామము చూచి తపాలావారు దానిని చేర్చునట్లే, యంత్రము పేరులోని భాగములను చూచుచు దాని చిరునామాను పట్టుకొనవచ్చును. నేటికిని ఇంటర్నెట్టులో పేర్లు ఈ పద్ధతిననే నడుచుచున్నవి.

అయితే ఉత్తరము విషయములో గ్రామము పేరు ఉత్తరముపైననే ఉండును. ఒక పాటకో, ఒక వ్యాసమునకో అట్లు ఊరు పేరుండదు. అది ఎవరి యంత్రములోనైనను ఉండవచ్చును. కనుక యంత్రములను వెదకుట కంటె వానిలోని వస్తువులను వెదకుట కష్టతరము.

ఆర్చీ

1990 నాటికి అనేక విశ్వవిద్యాలయములు తమ యంత్రములలో ఉపయోగకరములైన ఫైళ్లను ఎవరైనను ఉచితముగా తీసికొనుటకు ఉంచుచుండెను. ఏది ఎక్కడ ఉన్నదో మాత్రము ఆ నోట ఈ నోట వినవలసినదే. కెనడాలో మాంట్రియల్ నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో బార్బడోస్ దీవి నుండి వచ్చిన ఆలన్ ఎమ్టేజ్ అను విద్యార్థి ఈ శ్రమను యంత్రమునకే అప్పగింప దలచెను. ఆయన వ్రాసిన ప్రోగ్రాములు ఆయా భాండాగారముల ఫైళ్ల పేర్లను తెచ్చి ఒకచోట చేర్చెడివి. ఆ పేర్లలో వెదకి పెట్టెడివి. బిల్ హీలన్, పీటర్ డాయిష్ అను ఇద్దరి తోడ్పాటుతో అది అందరికి అందుబాటులోనికి వచ్చినది. దానికి ‘ఆర్చీ’ అని పేరు. ఇంటర్నెట్టులో వెతుకులాట సాధనములకు అదియే ఆద్యమని చెప్పుదురు.

ఆర్చీ ఫైళ్ల పేర్లను మాత్రమే వెదకెడిది. లోపలి విషయమును చూడలేదు. దాని జాబితా కడపటిసారి సేకరించిన నాటి స్థితినే చెప్పును. విశ్వవిద్యాలయముల యంత్రములు రేయింబవళ్లు నడుచునవి గనుక ఆ మాత్రము చాలినది. ఇంటింటి కంప్యూటర్లును నెట్‌వర్కులో చేరినప్పుడు అసలు సమస్య ఎదురయ్యెను.

కరణముగారి దస్త్రము

ఒకప్పుడు మన గ్రామములలో భూముల వివరమంతయు కరణముగారి దస్త్రములో ఉండెడిది. పొలములు రైతులవే, కాని ఏ పొలము ఎవరిదో తెలియవలెనన్న దస్త్రము విప్పవలసినదే. 1999లో బోస్టను నగరమందు నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థియైన షాన్ ఫానింగ్ రూపొందించిన ‘నాప్‌స్టర్’ పద్ధతి సరిగా ఇట్టిదే. పాటల ఫైళ్లు ఆయా ఇండ్ల కంప్యూటర్లలోనే ఉండెడివి. ఇంటి కంప్యూటరు నెట్‌వర్కులో చేరగనే తనవద్ద నున్న పాటల పేర్లను నాప్‌స్టర్ సర్వర్లకు తెలిపెడిది. పాట కావలసినవాడు ఆ సర్వరును అడిగెడివాడు; ఫలానా కంప్యూటరులో కలదని అది చెప్పెడిది. పాట మాత్రము ఒక ఇంటినుండి వేరొక ఇంటికి తిన్నగా పోయెడిది. రెండు సంవత్సరములు తిరుగకముందే దీనిని వాడువారు రెండు కోట్లకు మించిరి.

పాటల హక్కుదారుల అనుమతి లేకయే ఈ పంపకము జరుగుచుండెను. కనుక 1999 డిసెంబరులో గ్రామఫోను రికార్డుల కంపెనీలు దావా వేసినవి. 2001 ఫిబ్రవరిలో అప్పీలు న్యాయస్థానము నాప్‌స్టర్‌కు ప్రతికూలముగా తీర్పు చెప్పెను. ఆ జూలైలో సర్వర్లు ఆగినవి. న్యాయము మాట అటుంచి, సాంకేతికముగా ఇందులో ఒక పాఠము కలదు. కోట్ల ఇండ్లలో పాటలు ఎక్కడివక్కడనే ఉన్నవి. ఒక్క ఫైలైనను చెరిగిపోలేదు. అయినను దస్త్రము మూయగనే అవన్నియు కనబడకుండ పోయినవి. దస్త్రమును మూయించునది న్యాయస్థానమే కానక్కరలేదు. అగ్నిప్రమాదమైనను, విద్యుత్తు లోపమైనను, యజమాని దివాలాయైనను ఫలితమొక్కటే.

ఊరంతయు దండోరా

నాప్‌స్టర్ వ్యాజ్యము నడుచుచుండగనే రెండవ సమాధానము పుట్టినది. 2000 మార్చిలో నల్‌సాఫ్ట్ అను సంస్థలోని జస్టిన్ ఫ్రాంకెల్, టామ్ పెప్పర్ అనువారు ‘న్యుటెల్లా’ అను ప్రోగ్రామును బయటపెట్టిరి. ఆ సంస్థకు యజమానియైన అమెరికా ఆన్‌లైన్ కంపెనీ మరునాడే దానిని తీసివేయించెను. కాని అప్పటికే ప్రతులు పలువురకు అందినవి. దాని నడవడిని పరిశీలించి ఇతరులు తమంత తాము అట్టి ప్రోగ్రాములను వ్రాసికొనిరి.

ఇందులో దస్త్రమే లేదు. ఒక్కొక్క కంప్యూటరునకు కొందరు ఇరుగుపొరుగువారు మాత్రము తెలియును. ఏదైన కావలసినచో ఆ పొరుగువారిని అడుగును. వారు తమ పొరుగువారిని అడుగుదురు. ఇట్లు ప్రశ్న దండోరావలె వ్యాపించును. అది అంతులేక తిరుగకుండుటకు ప్రతి ప్రశ్నపైనను ఒక సంఖ్య వేయుదురు. సాధారణముగా అది 7. ఒక్కొక్క అంచెలో ఒకటి తగ్గి, సున్న కాగానే ప్రశ్న ఆగిపోవును.

దీని ఖర్చును విద్యార్థులు గుణశ్రేఢితో లెక్కింపవచ్చును. ప్రతి కంప్యూటరునకు నలుగురు పొరుగువారున్నారనుకొనుడు. మొదటి అంచెలో 4 సందేశములు. తరువాత ప్రతివాడును తనకు చెప్పినవానిని విడిచి తక్కిన ముగ్గురికి చెప్పును గనుక 12, ఆపైన 36, ఇట్లు పెరుగును. ఏడంచెల మొత్తము 4,372. పొరుగువారు ఎనిమిదిమంది యైనచో ఈ మొత్తము 10,98,056. ఒక్కడు అడిగిన ఒక్క ప్రశ్నకు ఇంత గందరగోళము! వేలమంది ఒకేసారి అడిగినచో, టెలిఫోను తీగపై మెల్లగా నడుచు ఇంటి కంప్యూటర్లు ఇతరుల ప్రశ్నలను మోయుటతోనే అలసిపోవును. 2000లోనే ఈ దుస్థితి కనబడినది.

ఇంకొక లోపము కలదు. అడిగిన వస్తువు ఎనిమిదవ అంచెలో ఉన్నచో దండోరా అచటికి చేరదు. పదిమంది దగ్గర నున్న ప్రసిద్ధమైన పాట సులభముగా దొరకును. ఒక్కరి దగ్గరనే యున్న అపురూప గ్రంథము దొరకకపోవచ్చును. దొరకలేదనగా లేదని చెప్పుటకు వీలులేదు. చురుకైన కొన్ని యంత్రములకు పెద్దరికమిచ్చి, చిన్నవాని జాబితాలను వానికి అప్పగించుటచే 2001 తరువాత కొంత మేలు కలిగినది. కాని మూలమందున్న లోపము పోలేదు.

సంపుటములు పంచుకొనుట

మూడవ సమాధానమును ఒక పోలికతో గ్రహింపవచ్చును. ఒక పెద్ద నిఘంటువు ఉన్నది. దాని సంపుటములను ఊరివారు పంచుకొనిరి. అకారాది మాటలు ఒక ఇంట, కకారాది మాటలు వేరొక ఇంట ఉన్నవి. అప్పుడు ‘కలువ’ అను మాటకు ఎవరింటికి పోవలెనో ఎవరిని అడుగ నక్కరలేదు. మాటయే దారి చెప్పును. దస్త్రము ఒక్కని చేతిలో లేదు, దండోరాయు లేదు. పట్టికలోని తునక ప్రతివాని వద్దను కలదు.

కాని ‘క’ సంపుటము బరువెక్కువ. ‘ఱ’ సంపుటము పలుచన. పని సమానముగా పంచుటకు అక్షరములు పనికిరావు. ఇందుకు గణితమందలి హాష్ ప్రమేయములు ఉపయోగపడినవి. హాష్ ప్రమేయము ఎంత పొడవైన వ్రాతనైనను తీసికొని నిర్ణీతమైన పొడవుగల సంఖ్య నిచ్చును. అదే వ్రాతకు ఎప్పుడును అదే సంఖ్య వచ్చును. ఒక్క అక్షరము మారినను సంఖ్య పూర్తిగా మారిపోవును. కనుక వస్తువులు సంఖ్యారేఖపై సమానముగా చల్లినట్లు పడును.

అయితే ఆ సంఖ్యలను యంత్రములకు ఎట్లు పంచవలెను? పది యంత్రములున్నచో సంఖ్యను 10తో భాగించి శేషమును బట్టి పంచవచ్చునని తోచును. కాని పదునొకండవ యంత్రము వచ్చి చేరినచో 11తో భాగింపవలెను. 0 నుండి 109 వరకు గల 110 సంఖ్యలలో రెండు భాగహారములకును ఒకే శేషము గలవి పది మాత్రమే. తక్కిన నూరును స్థానము మారవలెను! నిమిషనిమిషమును యంత్రములు వచ్చిపోవు చోట ఇది పనికిరాదు.

1997లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన డేవిడ్ కార్గర్, టామ్ లేటన్, డేనియల్ లెవిన్ మొదలగువారు దీనికి ఉపాయము చెప్పిరి. సంఖ్యలను గడియారము ముఖమువలె వలయముగా అమర్చవలెను. వస్తువులకే గాక యంత్రములకును హాష్ ద్వారా వలయముపై స్థానములు కల్పింపవలెను. ప్రతి వస్తువును తన స్థానమునుండి ముందునకు పోగా మొదట తగిలిన యంత్రమునకు అప్పగింపవలెను. అప్పుడు ఒక యంత్రము పోయినచో దాని భాగము మాత్రమే పక్క యంత్రమునకు చేరును, తక్కినవి కదలవు. లేటన్, లెవిన్‌లు ఈ పరిశోధన ఆధారముగా 1998లో అకమై అను సంస్థను స్థాపించిరి. లెవిన్ 2001 సెప్టెంబరు 11 నాటి విమాన దాడులలో మరణించెను.

దూరమును సగము చేయుట

వలయము సిద్ధమైనది. కాని ఏ యంత్రము ఎక్కడ ఉన్నదో అందరును తెలిసికొనవలెనన్నచో మరల పెద్ద జాబితా కావలసివచ్చును. 2001 ఆగస్టులో ప్రకటింపబడిన ‘కార్డ్’ అను పద్ధతి ఈ చిక్కును విప్పినది. దాని కర్తలు అయాన్ స్టోయికా, రాబర్ట్ మారిస్, కార్గర్, ఫ్రాన్స్ కాషూక్, మద్రాసు ఐ.ఐ.టి. పట్టభద్రుడైన హరి బాలకృష్ణన్. అదే సభలో ‘కాన్’ అను వేరొక పద్ధతి ప్రకటింపబడినది. దాని ముఖ్య కర్త పూనా విశ్వవిద్యాలయములో చదివిన సిల్వియా రత్నసామి. ‘పేస్ట్రీ’, ‘టాపెస్ట్రీ’ అను పద్ధతులును ఆ సంవత్సరముననే వెలువడినవి. వేర్వేరు చోట్ల వేర్వేరు బృందములు ఒకే సంవత్సరమున ఒకే సమస్యను విప్పుట విశేషము.

కార్డ్ పద్ధతిలో ప్రతి యంత్రమును తనకు 1, 2, 4, 8, 16, 32 స్థానముల దూరమునుండి మొదట తగులు యంత్రములను మాత్రమే గుర్తుంచుకొనును. ఉదాహరణకు 0 నుండి 63 వరకు స్థానములు గల చిన్న వలయముపై 3, 9, 17, 22, 30, 37, 41, 50, 55, 60 స్థానములలో పది యంత్రములున్నవనుకొనుడు. 53వ సంఖ్య గల వస్తువు 9వ యంత్రమునకు కావలెను. అది 55వ యంత్రము వద్ద ఉండవలెను గాని ఆ సంగతి 9కి తెలియదు. దానికి 17, 30, 41 మాత్రమే తెలియును. వీనిలో 53ను దాటక, దానికి మిక్కిలి దగ్గరగా నున్నది 41. కనుక 41ని అడుగును. 41కి తెలిసినవి 50, 60, 9. అది 50 పేరు చెప్పును. 50 తన తరువాతి యంత్రము 55 యని, 53 దాని భాగములోనిదేనని చెప్పును. మూడంచెలలో వెతుకులాట ముగిసినది. 55 అకస్మాత్తుగా ఆగిపోయినచో 51 నుండి 55 వరకు గల సంఖ్యలు మాత్రమే 60 వంతునకు వచ్చును. వస్తువులు నష్టము కాకుండుటకు ముందుగనే పక్క యంత్రములలో నకళ్లు ఉంచుదురు.

ఒక్కొక్క అంచెలో మిగిలిన దూరము కనీసము సగము తగ్గును. అందుచేత అంచెల సంఖ్య యంత్రముల సంఖ్యతోపాటు పెరుగక, దాని సంవర్గమానముతో పెరుగును. 1,024 యంత్రములకు సుమారు 10 అంచెలు. పది లక్షలకు 20. వంద కోట్లకు 30. సగటున ఇందులో సగమే చాలును. దండోరాలో లక్షల సందేశములు చేయలేని పనిని ఇచట ఇరువదియో, ముప్పదియో సందేశములు చేయుచున్నవి. వస్తువు లేనిచో లేదనియు చెప్పవచ్చును. ఏలయన అది ఉండవలసిన చోటు తెలియును.

1 లకు, 0 లకు మధ్య దూరము

2002లో న్యూయార్కు విశ్వవిద్యాలయమునకు చెందిన పీటర్ మేమున్‌కోవ్, డేవిడ్ మాజియేర్ అనువారు ‘కడెమ్లియా’ పద్ధతిని ప్రకటించిరి. అందులో వలయము లేదు. దూరమునకు కొత్త నిర్వచనము కలదు. రెండు సంఖ్యలను ద్విసంఖ్యామానమున వ్రాసి, అంకెలు ఒకటైన చోట 0, వేరైన చోట 1 వేయవలెను. వచ్చిన సంఖ్యయే దూరము. 11 అనగా 1011. 9 అనగా 1001. వాని దూరము 0010, అనగా 2. అటులనే 11 నుండి 14కు దూరము 5. 4కు దూరము 15. కనుక ఈ మూడింటిలో 11వ సంఖ్యగల వస్తువు 9వ యంత్రమునకు చెందును. ఈ దూరము ఎటునుండి చూచినను ఒకటే. అందుచేత తన్ను ప్రశ్నించినవారి చిరునామాలే ప్రతి యంత్రమునకును ఉపయోగకరమైన సమాచార మగును.

న్యుటెల్లా యంత్రములపై జరిగిన పరిశీలనల నుండి వారొక చక్కని సంగతిని గ్రహించిరి. చాలసేపటినుండి నడుచుచున్న యంత్రము ఇంకొక గంట నడచుటకు అవకాశమెక్కువ. ఇప్పుడే వచ్చినది త్వరలో పోవుటకు అవకాశమెక్కువ. కనుక కడెమ్లియా పాత పరిచయములను విడువదు. పాతది బదులు పలుకనప్పుడే కొత్తదానికి చోటిచ్చును.

బ్రామ్ కోహెన్ 2001లో రూపొందించిన ‘బిట్‌టొరెంట్’ పద్ధతిలో ఫైలు గలవారి జాబితాను మొదట ప్రత్యేక సర్వర్లు చూచెడివి. 2005 నుండి ఆ పనికి కడెమ్లియా పద్ధతియు వాడుకలోనికి వచ్చినది. ఒకే సమయమున అందులో 1.5 నుండి 2.7 కోట్ల వరకు యంత్రములున్నట్లు 2013లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో తేలినది. ఇన్ని యంత్రములకు యజమాని లేడు. దస్త్రము మూయుటకు చోటు లేదు.

చెల్లించిన మూల్యము

అయితే ఈ విద్యకు ఒక పెద్ద లోపము కలదు. హాష్ కట్టవలెనన్న పేరు పూర్తిగా, తప్పులేకుండ తెలియవలెను. ‘గోదావరి’ యని వ్రాసిన ఒక సంఖ్య. ‘గోదావరీ’ యని దీర్ఘమిచ్చిన దానికి సంబంధము లేని వేరొక సంఖ్య. దండోరాలో సగము పేరు చెప్పినను ఎవడో ఒకడు అర్థము చేసికొనును; ఇచట అట్లు కుదరదు.

మాట కొక సంఖ్య చొప్పున పంచిపెట్టవచ్చును గదా యని తోచును. గోదావరి, వరదలు అను రెండు మాటలును గల వ్యాసములు కావలెననుకొనుడు. ‘గోదావరి’ గల వ్యాసముల జాబితా ఒక యంత్రమున, ‘వరదలు’ గలవాని జాబితా వేరొక యంత్రమున ఉండును. రెంటను ఉన్నవి తేల్చుటకు ఒక జాబితాను రెండవ చోటికి పంపవలెను. జాబితాలలో లక్షల పేర్లుండవచ్చును. ఇంటర్నెట్టు నంతటిని ఈ విధముగా వెదకుట యథాతథముగా సాధ్యపడదనియు, అనేక మెరుగులు దిద్దిననే ఆశ కలదనియు 2003లో కార్గర్, మారిస్ మొదలగువారే లెక్కగట్టి చెప్పిరి.

నమ్మకపు సమస్యయు కలదు. ఒక్కడే వేయి పేర్లతో వేయి యంత్రములవలె నటించి, వలయములో ఎక్కువ భాగమును ఆక్రమింపవచ్చును. గుర్తింపు నిచ్చు అధికారి లేనిచోట దీనిని పూర్తిగా అరికట్టుట సాధ్యముకాదని జాన్ డౌసర్ 2002లో చూపెను. అధికారి వద్దని కట్టిన వ్యవస్థకు ఇది గట్టి ప్రశ్నయే.

ఇట్టి కారణములచేత మాటలతో వెదకు పని పెద్ద సంస్థల చేతులలోనే నిలిచినది. 1998లో స్థాపింపబడిన గూగుల్ వంటివి ఇంటర్నెట్టు పుటలను తమ యంత్రములలోనికి నకలు చేసికొని పట్టికలు వ్రాయుచున్నవి. పద్ధతిని బట్టి చూచినచో అవి ఆర్చీ వారసులే. చిత్రమేమనగా, అట్టి సంస్థలకును ఒక్క యంత్రము చాలదు. అమెజాన్ సంస్థ 2007లో వర్ణించిన ‘డైనమో’ అను నిల్వ వ్యవస్థ సరిగా ఆ 1997 నాటి వలయముపైననే ఆధారపడియున్నది. కేంద్రము లేకుండ బ్రతుకుటకు అక్కరకు వచ్చిన విద్య కేంద్రమునకును ఊడిగము చేసినది.

ఈనాడు ఒక విద్యార్థి బిట్‌టొరెంట్ ద్వారా ఒక ఉచిత గ్రంథమును తెచ్చుకొనదలచినచో రెండు మెట్లు ఎక్కును. గ్రంథము పేరునుండి దాని హాష్ సంఖ్యను తెలిసికొనుటకు సాధారణముగా ఒక పెద్ద సంస్థ పట్టికలో వెదకును. ఆ సంఖ్యనుండి అది ఉన్న చోటును తెలిసికొనుటకు యజమాని లేని కోట్ల యంత్రములను అడుగును. రెండవ మెట్టునకు గణితము దారి చూపినది. మొదటి మెట్టు మాత్రము నేటికిని కరణముగారి ఇంటిమీదుగానే పోవుచున్నది.